హాబీల గురించి మాట్లాడొద్దని కంపెనీ చెప్పిన డిజైనర్



క్యాంపస్ ప్లేస్‌మెంట్స్‌కి రెడీ అయ్యే ప్రతి బీటెక్ స్టూడెంట్ రెజ్యూమేలో చివర ఒక లైన్ ఉంటుంది. హాబీస్: పాటలు వినడం, క్రికెట్ ఆడటం, పుస్తకాలు చదవడం. సీనియర్ ఫైల్ నుంచి జూనియర్ ఫైల్‌కి అలా కాపీ అవుతూ వచ్చేస్తుంది. ఇంటర్వ్యూ చేసేవాళ్లు అది చదవరు. రాసినవాళ్లకే గుర్తుండదు.

దీనికి పూర్తిగా రివర్స్ కేసు ఒకటి ఈ ఎపిసోడ్‌లో చెప్తాను. జపాన్‌లో ఒక డిజైనర్ ఉన్నారు. ఆయన హాబీలు కంపెనీకి ఎంత ముఖ్యమైపోయాయంటే, "మీ హాబీల గురించి బయట ఎవరికీ చెప్పొద్దు" అని కంపెనీయే ఆయన్ని అడిగింది. ఎందుకంటే ఆయనకి ఈరోజు ఏది నచ్చుతుందో, కొన్నేళ్ల తర్వాత కంపెనీ నుంచి అదే ప్రొడక్ట్‌గా వచ్చే ఛాన్స్ ఉంది. 2008 ప్రాంతంలో ఇంటర్వ్యూల్లో ఆయనే ఈ విషయం చెప్పారు.

ఆయన పేరు షిగేరు మియమోతో. కంపెనీ నింటెండో. పేరు కొత్తగా అనిపించినా ఆయన పని మీకు తెలుసు. 90ల చివర్లో, 2000ల మొదట్లో మన ఊళ్లలో వేసవి సెలవులంటే టీవీకి తగిలించే వీడియో గేమ్ బాక్స్, పసుపు రంగు కేసెట్, అది పని చేయకపోతే నోటితో ఉఫ్ అని ఊదడం. ఆ బాక్సుల్లో చాలావరకు నింటెండో 1983లో తెచ్చిన ఫ్యామికామ్ అనే మెషీన్‌కి కాపీలు. అందులో అందరూ ముందు పెట్టే గేమ్ మారియో. ఆ మారియోని తయారుచేసిన మనిషి ఈయన.

మారియో ఎన్ని కాపీలు అమ్ముడుపోయింది, నింటెండో ఎంత సంపాదించింది లాంటివి ఈరోజు పక్కన పెడదాం. ఈ మనిషికి ఏ సంగీతం ఇష్టం, ఏమంటే ఇష్టం, ఏమంటే ఇష్టం లేదు, వయసుతో పాటు అవి ఎలా మారాయి, అదే చూద్దాం. ఎందుకంటే ఆ లిస్టు ఫాలో అయితే గేమ్స్ హిస్టరీలో ఒక పెద్ద ముక్క దానంతట అదే కనిపిస్తుంది.

మియమోతో 1952 నవంబర్ 16న పుట్టారు. ఊరు సోనోబె. క్యోటో నగరానికి వాయవ్యంగా కొండలు, పొలాలు, చెరువుల మధ్య ఉండే చిన్న ఊరు. చిన్నప్పుడు ఆయనకి రెండే పనులు. ఒకటి బొమ్మలు గీయడం, రెండు ఊరి చుట్టూ తిరగడం. అలా తిరుగుతుంటే ఒకరోజు ఒక గుహ కనిపించింది. వెంటనే లోపలికి వెళ్లలేదు. కొన్నిసార్లు వచ్చి బయటి నుంచే చూసి వెళ్లిపోయారు. తర్వాత ధైర్యం తెచ్చుకుని లాంతరు పట్టుకుని దిగారు. లోపల ఇంకో గుహలోకి దారి కనిపించింది.

1986 ఫిబ్రవరిలో 'ద లెజెండ్ ఆఫ్ జెల్డా' వచ్చింది. ఎటు వెళ్లాలో చెప్పకుండా ఒక పిల్లాడిని అడవిలో వదిలేస్తుంది ఆ గేమ్. మొదటి స్క్రీన్‌లోనే కొండకి నల్లగా ఒక గుహ ద్వారం ఉంటుంది. లోపలికి వెళ్తే ఒక ముసలాయన మీకు కత్తి ఇస్తాడు. సోనోబెలో తాను తిరిగిన రోజుల నుంచే ఆ గేమ్ పుట్టిందని మియమోతో చాలాసార్లు చెప్పారు.

అదే ఊళ్లో ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. పొరుగువాళ్ల కుక్క. గొలుసుతో కట్టి ఉంచేవాళ్లు. ఒకసారి అది ఈ పిల్లాడి మీదకి దూకింది, గొలుసు బిగుసుకుని ఆగిపోయింది కాబట్టి బతికిపోయారు. 1988లో వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్ 3' ఆడినవాళ్లకి గుర్తుండాలి. గొలుసుకి కట్టిన నల్లటి ఇనుప గుండు, పెద్ద పళ్లు, దగ్గరికి వెళ్తే మీదకి ఎగురుతుంది. చైన్ చోంప్ అంటారు. ఆ కుక్కే ఇది. ఈ కుక్క సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇప్పుడు సంగీతం. 70ల మొదట్లో మియమోతో కనజావా నగరంలో ఇండస్ట్రియల్ డిజైన్ చదివారు. వస్తువులకి రూపం ఇవ్వడం నేర్పే కోర్సు. మంచి స్టూడెంట్ అని మాత్రం చెప్పలేం. క్లాసులకి సరిగా వెళ్లక డిగ్రీకి ఐదేళ్లు పట్టింది. మరి ఆ టైమంతా ఎక్కడ పెట్టారు? బాంజో మీద.

మన దగ్గర కొన్నిచోట్ల బుల్‌బుల్ తరంగ్‌ని బాంజో అంటారు. ఇది అది కాదు. గుండ్రటి డప్పు లాంటి బాడీకి పొడుగు మెడ, దాని మీద తీగలు ఉండే అమెరికన్ వాయిద్యం. దీన్ని వాడే జానర్ పేరు బ్లూగ్రాస్. అమెరికా కొండ ప్రాంతాల పల్లె సంగీతం అనుకోండి. బాంజో, ఫిడేలు, గిటారు, మాండలిన్, చాలా స్పీడుగా నడుస్తుంది. మాండలిన్ అనగానే మనకి పాలకొల్లు శ్రీనివాస్ గారు గుర్తొస్తారు. ఆ వాయిద్యంతో ఆయన కర్ణాటక సంగీతం వాయిస్తే, అమెరికా పల్లెల్లో అదే వాయిద్యానికి ఇంకో జీవితం ఉంది. బ్లూగ్రాస్‌లో నాకు నచ్చే విషయం, పాట మధ్యలో ఒక్కొక్కరూ వంతులవారీగా ముందుకి వచ్చి వాయిస్తారు, మిగతావాళ్లు వెనక నుంచి తాళం పట్టుకుంటారు. క్యోటో దగ్గరి పల్లెటూరి కుర్రాడికి ఎక్కడో అమెరికా కొండల సంగీతం పిచ్చి పట్టింది. ఫ్రెండ్స్‌తో కలిసి బ్యాండ్‌లో వాయించారు. బీటిల్స్ అన్నా ఇష్టమే. గిటారు అప్పటి నుంచి చెయ్యి వదల్లేదు.

డిగ్రీ అయ్యాక ఉద్యోగం కావాలి కదా. వాళ్ల నాన్నకి తెలిసినవాళ్ల ద్వారా నింటెండో ప్రెసిడెంట్ హిరోషి యమౌచిని కలిశారు. నింటెండో 1889లో పేకముక్కల కంపెనీగా మొదలైంది. అప్పటికి బొమ్మలు కూడా చేస్తోంది. మియమోతో ఇంటర్వ్యూకి ఏం తీసుకెళ్లారో తెలుసా? పిల్లల కోసం తాను చేసిన జంతువుల ఆకారం బట్టల హ్యాంగర్లు. 1977లో ఉద్యోగం వచ్చింది.

నాలుగేళ్ల తర్వాత ఒక సంక్షోభం. అమెరికాలో అమ్ముదామని పంపిన 'రాడార్ స్కోప్' అనే ఆర్కేడ్ గేమ్ మెషీన్లు సుమారు 2000 అమ్ముడుపోకుండా గోడౌన్‌లో ఉండిపోయాయి. వాటిలోకి వేరే గేమ్ ఎక్కించాలి. ప్రోగ్రామింగ్ రాని ఈ ఆర్టిస్టుకి ఆ పని అప్పగించారు. 1981లో 'డాంకీ కాంగ్' వచ్చింది. అందులో హీరో ఒక వడ్రంగి. ఆ హీరోనే తర్వాత మారియో అయ్యాడు. మారియో వేషం మొత్తం ఒక ఇంజనీరింగ్ సొల్యూషన్. ఉన్నదే కొన్ని పిక్సెళ్లు. జుట్టు ఎగరడం చూపించలేరు, అందుకే టోపీ. నోరు కనపడదు, అందుకే మీసం. చేతులు కదిలితే తెలియాలి, అందుకే చొక్కా ఒక రంగు, ఓవరాల్ ఇంకో రంగు. మనం క్యూట్‌గా ఉందనుకునేదంతా మెమరీ తక్కువగా ఉండటం వల్ల వచ్చిందే.

1985 సెప్టెంబర్‌లో 'సూపర్ మారియో బ్రదర్స్'. గేమ్ మొత్తం సైజు 40 కిలోబైట్లు. ఫ్యామిలీ గ్రూప్‌లో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ ఫోటో మామూలుగా దీనికంటే పెద్దగా ఉంటుంది. ఆ 40 కేబీలోనే ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ ట్యూన్ కూడా ఉంది.

ఇక్కడ ఒక విషయం క్లియర్‌గా చెప్పాలి. ఆ ట్యూన్ మియమోతోది కాదు. కోజి కోండో అనే కంపోజర్‌ది. కోండో ముందు ఒక ట్యూన్ చేశారు, నెమ్మదిగా తిరిగే మూడ్‌లో. తీరా గేమ్ నడిపి చూస్తే మారియో పరుగుకి, గెంతుకి అది కుదరలేదు. పక్కన పడేసి, పరుగు స్పీడుకి తగ్గట్టు మళ్లీ మొదటి నుంచి చేశారు. అంటే పాట వినడానికి బాగుంటే చాలదు, ఆడేవాడి వేలికి తాళం కుదరాలి. జెల్డాకైతే ఫ్రెంచ్ కంపోజర్ రావెల్ రాసిన 'బొలేరో' వాడదామనుకున్నారు. చివర్లో చూస్తే దాని కాపీరైట్ ఇంకా ముగియలేదు. కోండో ఒక్క రాత్రి కూర్చుని కొత్త ట్యూన్ చేశారు. ఈరోజు ప్రపంచమంతా జెల్డా మ్యూజిక్ అని వినేది దాన్నే. 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీలో మారియో ట్యూన్‌ని చేర్చింది. ఒక వీడియో గేమ్ మ్యూజిక్‌కి అందులో చోటు దొరకడం అదే మొదటిసారి.

ఇప్పుడు మియమోతో నలభైల్లోకి వచ్చారు. 90లు. చాలామందికి ఈ వయసులో ఇష్టాలు గడ్డకట్టేస్తాయి. మన ఇళ్లలోనే చూడండి, నాన్నకి తన కాలేజీ రోజుల పాటల తర్వాత వచ్చినవన్నీ గోలే. ఈయనకి మాత్రం ఇష్టాలు మారడం మొదలైంది. సిగరెట్ మానేశారు. జపాన్‌లో పచింకో అని ఇనుప గోలీలతో ఆడే జూదం మెషీన్లు ఉంటాయి, అవీ మానేశారు. ఈత మొదలుపెట్టారు. తోటపని పట్టుకున్నారు. ఇంకో విచిత్రమైన అలవాటు కూడా ఉంది. జేబులో కొలత టేపు. ఏదైనా వస్తువు చూడగానే పొడవెంతో మనసులో అంచనా వేసుకోవడం, తర్వాత టేపు తీసి కరెక్టా కాదా చూసుకోవడం.

తోటలో ఒకరోజు చీమలు వరుసగా ఆకులు మోసుకెళ్లడం చూశారు. 2001లో 'పిక్మిన్' వచ్చింది. తోటలో వేలెడంత జీవులు వందమంది కలిసి తమకంటే పెద్ద వస్తువులు మోసే గేమ్. ఆ గేమ్ కోసం చేసిన పాట జపాన్‌లో విడిగా పెద్ద హిట్ అయింది.

తర్వాత ఇంట్లో కుక్కని పెంచుకోవడం మొదలుపెట్టారు. చిన్నప్పుడు మీదకి దూకిన కుక్క గుర్తుంది కదా? అప్పటి భయం ఒక విలన్ అయింది. 2005లో ఈ ప్రేమ 'నింటెండాగ్స్' అయింది. చేతిలో పట్టే డీఎస్ మెషీన్‌లో కుక్కపిల్ల. మైక్‌లో పేరు పెట్టి పిలిస్తే వస్తుంది, స్క్రీన్ మీద నిమిరితే పొంగిపోతుంది. గెలవడం ఓడటం పెద్దగా లేని ఈ గేమ్ 2 కోట్ల కాపీలు దాటింది.

ఆ తర్వాత ఈత పుణ్యమా అని బరువు మీద దృష్టి పడింది. రోజూ బరువు చూసుకుని గ్రాఫ్ గీసి ఇంట్లో గోడకి అంటించేవారు. కొన్నాళ్లకి ఆ గ్రాఫే ఇంట్లో మాటల టాపిక్ అయిపోయింది. 2007 చివర్లో 'వీ ఫిట్' వచ్చింది. కాళ్ల కింద పెట్టుకుని నిలబడే బోర్డు, అందులో నాలుగు సెన్సర్లు. సూమో మల్లయోధుల బరువు ఒక కాటాకి సరిపోక, రెండు కాటాల మీద చెరో కాలు పెట్టించి తూస్తారన్న విషయం నుంచి, ఎడమ కాలు ఎంత, కుడి కాలు ఎంత అని కొలిచే ఐడియా వచ్చింది. బరువు చూసుకునే కాటాని గేమ్‌గా అమ్ముతామంటే ఏ ఇన్వెస్టర్ నమ్ముతాడు చెప్పండి? అది కూడా 2 కోట్లు దాటింది.

ఇదీ వరస. తోట, కుక్క, కాటా. సరిగ్గా ఈ టైంలోనే కంపెనీ హాబీల మీద నోరు మూసుకోమంది. పోటీ కంపెనీలు ఆయన పెరట్లోకి తొంగి చూస్తే చాలు కదా.

ఇక్కడితో ఆపేస్తే ఇది మోటివేషనల్ వీడియో అయిపోతుంది. "మీ ప్యాషన్‌ని ఫాలో అవ్వండి" అని ఒక లైన్ చెప్పి సబ్‌స్క్రైబ్ అడగొచ్చు. కానీ హిస్టరీ అంత నీట్‌గా లేదు. 2008లో ఏం జరిగిందో చూడండి.

తోట, కుక్క, కాటా వీటన్నిటికంటే పాత ప్రేమ సంగీతం. కాలేజీ బాంజో నాటి నుంచి ముప్పై ఏళ్లకి పైగా ఉన్న ప్రేమ. 2008లో ఆ ప్రేమ మీద గేమ్ వచ్చింది, 'వీ మ్యూజిక్'. రిమోట్‌ని చేతిలో పట్టుకుని గిటారులా, డ్రమ్స్‌లా, వయొలిన్‌లా ఊపితే పాట వాయించేస్తుంది. నోట్ మీరు వెతకక్కర్లేదు, ఎప్పుడు ఊపినా పాటకి సరిపోయే నోటే వస్తుంది. సంగీతం రానివాళ్లకి కూడా వాయించే ఆనందం ఇవ్వాలని ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ రివ్యూలు చల్లగా వచ్చాయి. ఇందులో ఆడటానికి ఏముందని అడిగారు. అమ్మకాలు వీ ఫిట్ దరిదాపులకి కూడా రాలేదు.

ఎందుకు? ఇక్కడి నుంచి చెప్పేది నా అభిప్రాయం. గుహలోకి దిగినప్పుడు ఆయన చిన్నపిల్లాడు, లోపల ఏముందో తెలియదు. చీమల్ని చూసినప్పుడు తోటపనికి కొత్త. కుక్కని పెంచడం కొత్త. బరువు గ్రాఫ్ గీయడం కొత్త. ప్రతిసారీ ఆయన గేమ్‌లో పెట్టింది హాబీని కాదు, మొదటిసారి కలిగే ఆ తడబాటుని. ఏదో తెలియదు, భయం, కొంచెం తెలిసింది, మళ్లీ ట్రై చేద్దాం. ఆట అంటేనే అది. సంగీతంలో మాత్రం ఆయన ముప్పై ఏళ్ల పాతకాపు. మొదటి రోజుల్లో తీగ నొక్కి వేలి చివర్లు మండిపోవడం, ఒక పాట కోసం వారాలు తంటాలు పడటం, ఆ కష్టం అంతా తీసేసి కేవలం ఆనందం ఇద్దామనుకున్నారు. కష్టంతో పాటు ఆటా పోయింది. బాగా ఇష్టమైన విషయాన్నే సరిగ్గా చెప్పలేకపోవడం మనం రోజూ చూసేదే. ఫస్ట్ క్లాస్‌లో పాసైన సీనియర్ కంటే, మొన్న బ్యాక్‌లాగ్ క్లియర్ చేసిన ఫ్రెండ్ ఎందుకు బాగా చెప్తాడో మీకు తెలుసు.

ఇప్పుడు ఇష్టం లేనివి. ఇవి కూడా హిస్టరీలో భాగమే. 1997లో 'గోల్డెన్ ఐ 007' అనే తుపాకుల గేమ్ నింటెండో మెషీన్ కోసం తయారవుతోంది. చేసింది ఇంగ్లండ్‌లో వేరే టీమ్. మరీ దగ్గర్నుంచి ఇంతమందిని కాల్చడం బాగాలేదని మియమోతో వాళ్లకి ఫ్యాక్స్ పంపారు. గేమ్ చివర్లో హీరో ఆసుపత్రికి వెళ్లి తాను కాల్చినవాళ్లందరితో చేయి కలిపితే బాగుంటుందని ఒక సలహా కూడా ఇచ్చారట. ఈ విషయం ఆ గేమ్ డైరెక్టర్ మార్టిన్ హోలిస్ తర్వాత ఒక ప్రసంగంలో చెప్పారు. ఆసుపత్రి సీన్ పెట్టలేదు. కానీ చివర్లో సినిమాలో లాగా పాత్రలన్నిటినీ పరిచయం చేసే టైటిల్స్ పెట్టారు, ఇదంతా నటనే అని తెలిసేలా.

రెండోది మన ఫోన్లకి దగ్గరి విషయం. 2016 డిసెంబర్‌లో మారియో మొదటిసారి స్మార్ట్‌ఫోన్‌కి వచ్చాడు, 'సూపర్ మారియో రన్'. ఫోన్ నిలువుగా పట్టుకుని ఒక్క బొటనవేలితో ఆడేలా చేశారు. కొంచెం ఫ్రీగా ఆడొచ్చు, నచ్చితే ఒక్కసారి డబ్బు కడితే గేమ్ మొత్తం మీది. జెమ్స్, కాయిన్స్ అని ఆపి ఆపి డబ్బులు అడిగే పద్ధతి పెట్టలేదు. ఆ పద్ధతి మీద తనకున్న అయిష్టాన్ని మియమోతో 2018లో గేమ్ డెవలపర్ల సభలో బహిరంగంగానే చెప్పారు. ఖరీదు ఏమిటంటే, డౌన్‌లోడ్లు కోట్లలో వచ్చినా లాభం అనుకున్నంత రాలేదని నింటెండోనే ఒప్పుకుంది. అయిష్టానికి కూడా బిల్లు ఉంటుంది, ఎవరో ఒకరు కట్టాలి.

గిటారు మాత్రం ఎక్కడికీ పోలేదు. అదే 2016 డిసెంబర్‌లో అమెరికాలో జిమ్మీ ఫాలన్ టీవీ షోలో, ద రూట్స్ అనే బ్యాండ్‌తో కలిసి ఆయన గిటారు మీద మారియో ట్యూన్ వాయించారు. యూట్యూబ్‌లో ఉంది, చూడండి. అప్పటికి 64 ఏళ్లు. అమ్ముడుపోని గేమ్ ఆ ఇష్టాన్ని చంపలేదు. ప్రొడక్ట్ కాలేకపోయిన ఇష్టం ఇష్టంగానే మిగిలింది, అదీ మంచిదే.

ఇంకో సంగతి. ఆటోగ్రాఫ్ అడిగిన పిల్లలకి ఆయన రాసే మాట ఒకటి ఉంది. బయట ఎండ బాగుంటే వెళ్లి ఆడుకోండి అని. వీడియో గేమ్స్ అమ్మి బతికే మనిషి చెప్పే మాట. అందులో మంచితనం ఒక్కటే కాదు, ఆయన పని రహస్యం కూడా ఉంది. ఆయన గేమ్స్‌కి కావాల్సిన సరుకు ఎప్పుడూ వేరే గేమ్స్ నుంచి రాలేదు. గుహ, కుక్క, చీమ, కాటా, అన్నీ స్క్రీన్ బయటే దొరికాయి.

మనకి ఇప్పుడు ఏం నచ్చుతుందో మనకంటే ముందు మన ఫీడ్‌కి తెలుసు. నిన్న చూసిన లాంటిదే ఈరోజు, ఈరోజు చూసిన లాంటిదే రేపు. యాప్ పని అదే, దాన్ని తిట్టి లాభం లేదు. కానీ అందులో మొదటిసారి అనేది తగ్గిపోతుంది. కాబట్టి కామెంట్స్‌లో మీ ఫేవరెట్ గేమ్ ఏంటో రాయొద్దు, ఆ లిస్టులు మనం చాలా చేశాం. ఈ ఏడాది మీరు మొదటిసారి మొదలుపెట్టి, ఇంకా సరిగా రాని పని ఒకటి రాయండి. ఈత కావచ్చు, వీణ కావచ్చు, మిద్దె మీద టమాట మొక్క కావచ్చు. వచ్చేసిన పని వద్దు, రాని పనే కావాలి.

అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా సెలవు.